బత్తాయి వేరు కింద: తోట నేలల్లో నులిపురుగు ఎలా నిలుస్తుంది
(ఎం.ఎస్. స్వామినాథన్ స్మృతికి అంకితమైన ఉపన్యాసం)



ఈ సాయంత్రం ఎవరి స్మృతికి అంకితమో ఆ వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ గారు 1925 ఆగస్టు 7న కుంభకోణంలో పుట్టారు. 2023 సెప్టెంబరు 28న చెన్నైలో కన్నుమూశారు. మరుసటి ఏడాది దేశం ఆయనకు భారతరత్న ప్రకటించింది. ఆయన పేరు వినగానే గోధుమ చేలు, వరి మళ్లు గుర్తుకొస్తాయి. కానీ ఆయన తొలి పరిశోధనల్లో ఒకటి నులిపురుగుతో ముడిపడి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. 1949లో యునెస్కో ఫెలోషిప్ మీద ఆయన నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ ఆలుగడ్డకు గిరాకీ పెరిగి, తరతరాలుగా పాటించిన పంట మార్పిడి దెబ్బతింది. సముద్రాన్ని వెనక్కి నెట్టి సాగులోకి తెచ్చుకున్న కొత్త భూముల్లో బంగారు నులిపురుగు పెచ్చుమీరింది. అడవి ఆలుగడ్డ జాతుల్లో ఉన్న తట్టుకునే గుణాన్ని సాగు రకాల్లోకి తెచ్చే పనిలో ఆ ఇరవై నాలుగేళ్ల యువకుడు తలమునకలయ్యాడు.

ఆ ఆలుగడ్డ పురుగు దగ్గరే ఈ ఉపన్యాసం మొదలవుతుంది. అక్కడి నుంచి మన బత్తాయి దాకా, జామ దాకా, ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద వేలాడిన ద్రాక్ష దాకా వస్తుంది. చెప్పదలచింది ఒక్కటే. తోట పంటల నులిపురుగు నేలలో ఏళ్ల తరబడి నిలవడానికి ప్రధాన కారణం దాని మొండితనం కాదు. చెట్టే దాన్ని నిలబెడుతుంది, ఆ చెట్టు దగ్గరికి దాన్ని చేర్చేది మనుషులు. అందువల్ల దీని మీద గెలవాలంటే మొక్క నాటకముందే గెలవాలి.

1

ఆలుగడ్డ నులిపురుగు ఆడది చనిపోయేటప్పుడు దాని ఒళ్లే గట్టి తిత్తిగా మారుతుంది. ఆవగింజకన్నా చిన్నదైన ఆ తిత్తిలో వందల గుడ్లుంటాయి. పొలం బీడు పడినా, వేరే పైరు వేసినా అవి కదలవు. ఆలుగడ్డ వేరు నుంచి ఊరే రసం సోకినప్పుడే ఎక్కువ గుడ్లు పొదుగుతాయి. ఇరవై ఏళ్లు దాటిన తిత్తుల్లోనూ బతికిన గుడ్లు దొరికాయి. మన దేశంలో ఈ పురుగును 1961లో నీలగిరి కొండల్లో ఎఫ్.జి.డబ్ల్యు. జోన్స్ గుర్తించారు. ఆ కొండల వాళ్లు నేటికీ దానితో వేగుతూనే ఉన్నారు.

ఇంత పకడ్బందీ ఏర్పాటు ఆ పురుగుకు ఎందుకు కావలసి వచ్చింది? ఆలుగడ్డ పైరు చేలో ఉండేది మూడు నాలుగు నెలలే కనుక. మిగతా కాలమంతా దానికి పస్తే. పస్తును దాటగలిగిన సంతతే మిగిలింది.

బత్తాయి చెట్టు అలా కాదు. ఒకసారి నాటితే ఇరవై, ముప్పై ఏళ్లు అదే పాదులో నిలబడుతుంది. ఏడాది పొడవునా దాని కింద ఎక్కడో ఒకచోట లేత పీచు వేరు పుడుతూనే ఉంటుంది. ఆ వేరును తినే పురుగుకు గట్టి తిత్తి కట్టుకోవలసిన అవసరమే రాలేదు. శ్రోతలు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలని మనవి, ఎందుకంటే పొలం పంటకు పనికొచ్చే ఉపాయాలు తోటలో ఎందుకు చతికిలబడతాయో ఇక్కడే తేలుతుంది. పొలంలో రెండేళ్లు పంట మారిస్తే పురుగు తగ్గుతుంది. తోటలో పంట మార్చడమంటే తోటనే కొట్టేయడం.

2

1912లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జె.ఆర్. హోడ్జెస్ అనే తోటల తనిఖీ అధికారి నారింజ వేర్ల మీద ఒక వింత పురుగును చూశాడు. మరుసటి ఏడాది నేథన్ కాబ్ దాన్ని శాస్త్రీయంగా వర్ణించి టైలెంకులస్ సెమిపెనిట్రాన్స్ అని పేరు పెట్టాడు. మన దేశంలో ఇది ఉందని 1961లో ఎం.ఆర్. సిద్దిఖీ ఉత్తరప్రదేశ్ నుంచి నివేదించారు. ఇప్పుడు నిమ్మజాతి తోటలున్న దాదాపు ప్రతి దేశంలోనూ ఇది కనిపిస్తుంది. ద్రాక్ష, ఆలివ్ వేర్లను కూడా వదలదు.

దీని బతుకు తీరును కాస్త ఓపిగ్గా చూడాలి. గుడ్డులోంచి బయటికొచ్చే పిల్ల పురుగు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. మగది ఏమీ తినకుండానే వారం పది రోజుల్లో ఎదిగిపోతుంది. ఆడది మాత్రం వేరు దొరికేదాకా ఎదగదు. ఒంట్లో దాచుకున్న కొవ్వును పొదుపుగా కరిగించుకుంటూ ఎదురుచూస్తుంది. పీచు వేరు తగలగానే తలను, మెడను లోపలికి దూర్చి, వెనక సగాన్ని బయటే ఉంచేస్తుంది. ఇక అక్కడి నుంచి కదలదు. లోపల తల చుట్టూ ఉన్న కొన్ని కణాలను చంపకుండా, వాటి నుంచే ఆహారం పీలుస్తుంది. బయట ఉబ్బిన ఒంటి నుంచి జిగురు లాంటి పదార్థాన్ని వదిలి, అందులో వంద దాకా గుడ్లు పెడుతుంది. నేల వెచ్చదనం 25 డిగ్రీల దగ్గర ఉంటే ఈ చక్రమంతా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పూర్తవుతుంది.

ఆ జిగురే గుడ్లకు రక్ష. తేమను త్వరగా పోనివ్వదు, నేలలోని శత్రువులను కొంతవరకు దూరంగా ఉంచుతుంది. దానికి మట్టి రేణువులు అంటుకుపోతాయి. తోట ఉన్నవాళ్లు రేపు ఊరికి వెళ్లాక ఒక పని చేయవచ్చు. చెట్టు కొమ్మల అంచు కింద ఒక జానెడు లోతున నాలుగు పీచు వేర్లు తీసి బకెట్ నీళ్లలో మెల్లగా జాడించండి. ఆరోగ్యంగా ఉన్న వేరు లేత పసుపు రంగులో శుభ్రంగా తేలుతుంది. ఎంత జాడించినా మట్టి వదలకుండా, మామూలుకన్నా లావుగా, గరుకుగా కనిపిస్తే అనుమానించాలి.

ఈ పురుగు చెట్టును చంపేయదు. దాని బలమంతా అక్కడే ఉంది. చెట్టు చస్తే తన తిండీ పోతుంది. కొమ్మల చివర్లు ఎండటం, ఆకు చిన్నబడటం, గుబురు పలచబడటం, కాయ సైజు తగ్గడం ఇవన్నీ ఏళ్ల మీద జరుగుతాయి. రైతు బోరులో నీళ్లు తగ్గాయనుకుంటాడు, ఎరువు చాల్లేదనుకుంటాడు, చెట్టుకు వయసు మీద పడిందనుకుంటాడు. ఆ మాటల్లో నిజమూ ఉంటుంది. నీళ్లు చాలని చెట్టుకు ఈ దెబ్బ రెట్టింపుగా తగులుతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌కు, ఎల్బీనగర్‌కు మధ్య హైదరాబాద్‌లో 1986 నుంచి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నడిచింది. 2021 చివర్లో అది బాటసింగారం వైపు తరలింది.  నల్లగొండ జిల్లా బత్తాయి లారీల కొద్దీ దిగిన ఆ మార్కెట్‌లో కాయ సైజును బట్టే ధర పలికింది. చిన్న కాయ వెనక పోషణ లోపం ఉండొచ్చు, నీటి కొరత ఉండొచ్చు, వేరు కింద పురుగూ ఉండొచ్చు. కాయను చేతిలోకి తీసుకుని చూసే వ్యాపారికి వేరు కనిపించదు. నష్టం మాత్రం రైతు చేతికొచ్చే పట్టీలోనే తేలుతుంది.

3

ఎండాకాలంలో నేల మాడిపోతుంది కదా, పురుగులు చావవా? రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్న కూడా.

కొన్ని నులిపురుగులు ఎండిపోయి కూడా బతుకుతాయి. 1743లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ నీడమ్ ఎండిన గోధుమ గింజల్లోని పీచుల్లాంటివాటిని నీళ్లలో వేసి చూస్తే, అవి కదలడం మొదలుపెట్టాయి. అలాంటి గోధుమ పురుగులు పాతికేళ్లు దాటి నిల్వ ఉన్నాక కూడా మేల్కొన్నట్టు తర్వాతి పరిశీలనల్లో తేలింది. బత్తాయి పురుగుకు అంతటి శక్తి లేదు. ఏప్రిల్, మే నెలల్లో పై మట్టిలో దాని సంఖ్య పడిపోతుంది. వానలు పడి కొత్త వేర్లు పుట్టాక మళ్లీ పెరుగుతుంది. మధ్యలో అది ఎక్కడ తలదాచుకుంటుంది?

ఒక జవాబు లోతులో ఉంది. బత్తాయి వేరు మీటరు దాటి దిగుతుంది, పురుగూ దాని వెంటే దిగుతుంది. రెండో జవాబు ఇంకా లోతైన ఆలోచన రేపుతుంది. ఫ్లోరిడాలో ల్యారీ డంకన్, ఎల్‌మోర్షిడీ 1996లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే చెట్టు వేర్లను రెండు భాగాలుగా చేసి, ఒక భాగానికి నీళ్లిచ్చి, ఇంకో భాగాన్ని ఎండగట్టారు. ఎండిన భాగంలో పురుగులు తగ్గలేదు సరికదా, పెరిగాయి. లోతుగా తడిలో ఉన్న వేర్లు రాత్రిపూట నీటిని పైకి లాగి, పొడి మట్టిలో ఉన్న వేర్లను బతికించి ఉంచుతాయి. ఆ వేర్లలో తల దూర్చి కూర్చున్న పురుగుకు ఆ నీరే చాలు. చెట్టు తన వేరును కాపాడుకోబోయి, తన పరాన్నజీవిని కూడా కాపాడుతోంది.

మన తోటల్లో ఈ విషయానికి ఎంతో ప్రాముఖ్యం ఉంది. డ్రిప్ పెట్టిన తోటలో పాదులో ఒక పక్క తడి, ఒక పక్క పొడి ఉండటం మామూలే. 'పొడి పక్క పురుగు ఉండదు' అనుకుని అక్కడి మట్టిని పరీక్షకు తీయకపోతే సగం లెక్క తప్పుతుంది. సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడాకు హయత్‌నగర్‌లో విజయవాడ రోడ్డు మీద పరిశోధన క్షేత్రం ఉంది. అక్కడివి మన ఎర్ర నేలలే. ఫ్లోరిడా ఇసుకలో జరిగిన ఈ కొలతను మన చల్క నేలల్లో చేయడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. ఈ వేదిక నుంచి ఆ విజ్ఞప్తి చేయడం సముచితం.

4

ఇక చెట్టు కొట్టేశాక ఏం జరుగుతుంది?

మొద్దు పెకలించినంత మాత్రాన వేరు చావదు. వేలెడు లావు వేర్లు నేలలో తెగి మిగిలిపోయి, నెలల తరబడి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం పచ్చిగా ఉంటాయి. వాటి మీద పురుగు బతుకుతుంది. ద్రాక్షలో ఇది మరీ స్పష్టం. జిఫినీమా ఇండెక్స్ అనే నులిపురుగు ద్రాక్షలో ఫ్యాన్‌లీఫ్ వైరస్‌ను మోస్తుందని 1958లో కాలిఫోర్నియాలో హెవిట్, రాస్కి, గోహీన్ రుజువు చేశారు. ఒక మొక్క వైరస్‌ను నులిపురుగు మోసుకెళ్తుందని తేలడం అదే మొదలు. ద్రాక్ష తీసేసిన మట్టిలో తిండి లేక మాడిన పురుగుల్లో కూడా నాలుగేళ్ల తర్వాత ఆ వైరస్ నిలిచే ఉందని 2005లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు చూపించారు.

ఈ సభలో నెరిసిన జుట్టు వాళ్లకు ద్రాక్ష తోటలు గుర్తుండే ఉంటాయి. అనాబ్‌-ఎ-షాహీ ద్రాక్షకు హైదరాబాద్ పెట్టింది పేరు. నగరం చుట్టూ, తూర్పు వైపు కూడా, ఆ పందిళ్లు ఉండేవి. తర్వాత ప్లాట్లు పడ్డాయి, కాలనీలు వచ్చాయి. ద్రాక్ష వేరును నమ్ముకున్న పురుగులకు ఆ స్లాబుల కింద తిండి లేదు. ఇక్కడ పురుగును నగరమే వదిలించింది. నల్లగొండ రైతుకు ఆ దారి లేదు. ఉన్న నాలుగెకరాల్లోనే పాత బత్తాయి తీసి కొత్త బత్తాయి పెట్టాలి. అదీ కాక, తోటంతా ఒకేసారి తీయడు. చచ్చిన చెట్టు స్థానంలో ఒక్కో కొత్త మొక్క పెడతాడు. ఆ గుంతలోకి చుట్టూ ఉన్న నాలుగు పెద్ద చెట్ల వేర్లు వస్తాయి, వాటితోపాటే పురుగులూ వస్తాయి. లేత మొక్కకు తొలి ఏడాదే ఎదుగుదల ఆగిపోతుంది. ఖాళీలు పూరించే ఈ అలవాటు తోటకు చేసే చెరుపు గురించి వ్యవసాయ సభల్లో చాలినంత చర్చ జరగడం లేదు.

ఫ్లోరిడా అనుభవం ఒకటుంది. అక్కడ నారింజ తోటల్లో చెట్లు వరసగా కుంగిపోతూ, రోగం ఏటా చుట్టూ విస్తరించేది. దానికి కారణం రాడోఫోలస్ అనే వేరు తొలిచే నులిపురుగని 1953లో స్యూట్, డుషార్మ్ తేల్చారు. అరటి మీద దొరికిన దాన్ని 1893లోనే కాబ్ ఫిజీ దీవుల నుంచి వర్ణించాడు. ఈ పురుగు వేరు లేని మట్టిలో కొన్ని నెలలకు మించి నిలవలేదు. అయినా దాన్ని అదుపు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం జబ్బు చెట్లతోపాటు వాటి చుట్టూ ఉన్న మంచి చెట్లనూ బుల్‌డోజర్లతో తోసి, కాల్చి, నేలను మందు ఆవిరితో నింపింది. తోటల మధ్య వేరు దాటకుండా ఖాళీ పట్టీలు వదిలి, వాటికి పదే పదే మందు పెట్టింది. దాదాపు మూడు దశాబ్దాలు ఇలా సాగాక, 1983లో ఆ మందు భూగర్భ జలాల్లో కనిపించడంతో కార్యక్రమం ఆగిపోయింది. పురుగు మిగిలింది.

మందుల చరిత్రంతా ఇంచుమించు ఇదే. బతికున్న చెట్టు చుట్టూ వాడగలిగిన డిబిసిపి అనే మందు ఒకప్పుడు తోట రైతులకు ఎంతో ఆశ కల్పించింది. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్‌లో దాన్ని తయారుచేసే కార్మికులకు సంతానం కలగడం లేదని బయటపడింది. రెండేళ్లలో అమెరికా ప్రధాన భూభాగంలో దాని వాడకాన్ని ఆపేశారు. ఓజోన్ పొర కోసం కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కింద, నేలలో ఆవిరిగా వాడిన మిథైల్ బ్రోమైడ్ సంపన్న దేశాల్లో 2005కు, మనలాంటి దేశాల్లో 2015కు సాగు నేలల నుంచి తప్పుకోవలసి వచ్చింది. పాదులో గుళికలు చల్లి తడి పెడితే పై అడుగు మట్టిలో పురుగు తగ్గుతుంది, కింద మీటరు లోతున ఉన్నది తగ్గదు. రెండు మూడు తరాల్లో, అంటే ఆరు నెలల్లో, పాత లెక్కకు వచ్చేస్తుంది. పదే పదే గుళికల మీద డబ్బు పెడుతున్న రైతులకు ఈ మాట ముఖాన చెప్పక తప్పదు.

వేపపిండి, పర్ప్యూరియోసిల్లియం లాంటి శిలీంధ్రాలు, పాశ్చూరియా అనే బాక్టీరియా మేలు చేస్తాయి. పాశ్చూరియా బీజాలు కూడా నేలలో ఏళ్ల పాటు నిలుస్తాయి కనుక వాటి మీద ఆశ పెట్టుకోవచ్చు. కానీ వాటిని నాటేటప్పుడు గుంతలో వేస్తే వచ్చే ఫలితం, పదేళ్ల చెట్టు పాదులో వేస్తే రాదు.

5

తనంతట తానుగా బత్తాయి పురుగు నేలలో ఏడాదికి మీటరు నడిస్తే గొప్ప. మరి వందల మైళ్లు ఎలా వెళ్తోంది? పాలిథీన్ సంచిలో, మొక్క వేరుకు అంటుకుని, లారీలో.

జామకు వచ్చిన ఆపద ఈ సంగతిని బాగా చెబుతుంది. చైనాలోని హైనాన్ దీవిలో దొరికిన ఒక వేరుబుడిపె నులిపురుగును 1983లో యాంగ్, ఐసెన్‌బ్యాక్ మెలాయిడోగైన్ ఎంటరోలోబి అని వర్ణించారు. 2016లో అది తమిళనాడు జామ తోటల్లో ఉన్నట్టు అక్కడి శాస్త్రజ్ఞులు ప్రచురించారు. తర్వాత ఇతర రాష్ట్రాల జామ తోటల్లోనూ కనిపించింది. టమాటాలో మామూలు వేరుబుడిపె పురుగును అడ్డుకునే జన్యువు దీన్ని అడ్డుకోలేదు. దీని ఆడది ఒక్కటి వందల గుడ్లు పెడుతుంది. వేర్లు ముద్దలు ముద్దలుగా బుడిపెలు కట్టి, ఎండు తెగులు శిలీంధ్రం కూడా తోడైతే చెట్టు తొందరగానే ఎండిపోతుంది. ఎక్కువ ధరకు కొన్న జామ మొక్కల సంచుల్లోనే అది చాలా తోటలకు చేరింది. కొత్త రకం మీద మోజుతో దూర ప్రాంతాల నుంచి మొక్కలు తెప్పించేటప్పుడు వేరు చూసిన రైతులు తక్కువ.

బత్తాయిలోనూ అంతే. మన దగ్గర సాత్‌గుడి బత్తాయిని ఎక్కువగా రంగపూర్ నిమ్మ, జంభేరి వేరుమూలాల మీద అంటు కడతారు. రెండూ ఈ పురుగుకు లొంగేవే. తట్టుకునే మూడాకుల నారింజ ఉంది, దాని సంకరం నుంచి 1974లో అమెరికాలో విడుదలైన స్వింగిల్ సిట్రుమెలో ఉంది. అయితే సున్నం ఎక్కువున్న నేలల్లో వీటికి ఆకులు పసుపుబారతాయి. అంతేకాదు, మూడాకుల నారింజ మీద కూడా బతికే పురుగు తెగ ఒకటి కాలిఫోర్నియాలో బయటపడింది. వేరుమూలం మార్పు మంచి దారే కానీ, మన నేలల్లో పరీక్షించి తెచ్చుకోవాలి. అందాకా చేతిలో ఉన్న ఉపాయం శుభ్రమైన నారు.

శుభ్రమైన నారు తయారీకి తెలంగాణ ఎండ కన్నా చవకైన సాధనం లేదు. తడిపిన నేల మీద పలుచని పారదర్శక పాలిథీన్ కప్పి ఎండకు ఉడికించే పద్ధతిని 1976లో ఇజ్రాయెల్‌లో యాకోవ్ కటాన్ బృందం ప్రపంచానికి చూపించింది. తోటలో ఇది పై జానెడు మట్టినే శుద్ధి చేస్తుంది, లోతు వేర్ల దాకా వేడి దిగదు. నర్సరీలో అలా కాదు. సంచుల్లో నింపబోయే మట్టిని జానెడు మందంలో పరిచి, తడిపి, ఏప్రిల్ మే నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలు గాలి చొరకుండా కప్పి ఉంచితే ఆ మట్టంతా వేడెక్కుతుంది. నారు పెరిగే సంచుల్ని నేల మీద కాకుండా కంకర మీదో, బల్లల మీదో పెట్టాలి. లేకపోతే సంచి అడుగు చిల్లుల్లోంచి వేరు దిగి, శుద్ధి చేసిందంతా వృథా అవుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2010లో పండ్ల మొక్కల నర్సరీల నమోదుకు చట్టం వచ్చింది. నమోదు ధ్రువపత్రం నర్సరీ గోడ మీద ఉంటే సరిపోదు. సంచిలోని వేరుకు పరీక్ష జరగాలి. ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్ వైపు విజయవాడ రోడ్డు పక్కన మొక్కలు కొనేవాళ్లు, ఇంటి పెరట్లో ఒక నిమ్మ చెట్టుకైనా సరే, ఒక సంచి చింపి వేరు చూపించమని అడగాలి. అడిగే హక్కు వాళ్లకుంది. చూపించగలిగే నర్సరీయే నమ్మదగినది.

పరీక్షకు మట్టి తీసే పద్ధతి చెప్పి, ఒక విజ్ఞప్తితో ఈ ఉపన్యాసాన్ని ముగించాలి. పొలం అంతటా పది పదిహేను చెట్ల కింద, కొమ్మల అంచు దగ్గర, పై రెండంగుళాల మట్టి పక్కకు తోసి, కింద జానెడు లోతు నుంచి పీచు వేర్లతో సహా మట్టి తీయాలి. తడి పక్క, పొడి పక్క రెండూ తీయాలి. అన్నీ కలిపి అర కిలో దాకా పాలిథీన్ సంచిలో మూతి కట్టి, నీడలో ఉంచి, ఒకటి రెండు రోజుల్లో ప్రయోగశాలకు చేర్చాలి. ప్రయోగశాలలో వాడేది 1917లో జావాలో గుస్తావ్ బేర్మన్ రూపొందించిన గరాటా పద్ధతి. మట్టిని పలుచని గుడ్డలో నీళ్ల మీద ఉంచితే బతికున్న పురుగులు కదులుతూ కిందికి దిగుతాయి. సంచిని బండి డిక్కీలో ఎండకు వదిలేస్తే పురుగులు చచ్చి, ఒక్కటీ కిందికి దిగదు, 'మీ తోట శుభ్రం' అన్న తప్పుడు నివేదిక చేతికొస్తుంది.

గడ్డిఅన్నారం నుంచి తరలిన పండ్ల మార్కెట్‌కు కోహెడలో శాశ్వత స్థలం ఎంపికైంది. కాయ అమ్ముకోవడానికి వచ్చే ప్రతి బత్తాయి, జామ, దానిమ్మ రైతు ఆ గేటు దాటాల్సిందే. ఆ ఆవరణలోనే నులిపురుగుల పరీక్షకు ఒక గది, నాలుగు గరాటాలు, ఒక మైక్రోస్కోపు, చదువుకున్న ఒక సహాయకుడు ఉంటే చాలు. కాయల లారీతోపాటే మట్టి సంచీ వస్తుంది, మళ్లీ కాయ తెచ్చే నాటికి నివేదిక సిద్ధంగా ఉంటుంది. మార్కెట్ ప్లాను ఖరారు చేసేవాళ్లు ఈ గదిని అందులో చేర్చాలి, ఇక్కడున్న రైతు సంఘాల వాళ్లు దాన్ని రాతపూర్వకంగా అడగాలి.